రెఫరీ విన్న మాట

హలో… ఆ, నేనే చేసింది, రెఫరీ లింబాద్రి సారు ఇంటామెను. బోధన్ పోస్టాఫీసు నుంచి… అవును, ట్రంకాలే. సారు మీ ఫుట్‌బాల్ సంఘం ఆఫీసులనే ఉన్నరు గదా?… జర పిలుస్తరా, తొందర పని… లేదు, ఎవరికీ ఏం కాలే. ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు. పిలుండ్రి, చాలు.

…

హలో… మీరేనా?… నేను, రేణుకను… ఏం కాలేదండి. పిల్ల బడికి పోయింది. అవ్వ తిని పండుకుంది… లేదు, గోడ మీద మల్ల ఎవ్వరేం రాయలే. నిన్న రాసింది నేనే కడిగిన. 'దొంగ రెఫరీ'ల దొంగకు సున్న పెట్టుడు మర్శిండ్రు. మీ బళ్లె చదువుకున్న పోరగాండ్లే అయ్యుంటరు.

నవ్వకుండ్రి సరే. ఇనుండ్రి.

పక్కన ఎవరన్న ఉన్నరా?… ముగ్గురా. కార్డులిచ్చే పట్నం సారు గూడనా?… అయితే మీరేం మాట్లాడకుండ్రి. నేను చెప్త, మీరు ఊ అనుండ్రి.

మీటింగు నాలుగింటికే గదా?… ఊ. ఇక్కడి గడియారంల మూడుంబావు అయింది.

ఐతారం మ్యాచ్ సంగతి… ఆ, మల్ల అదే… పెట్టకుండ్రి. దండం పెడత, ఫోన్ పెట్టకుండ్రి. ఒక్క మాట ఇన్నంక మీ ఇష్టం.

మీరు నాకు చెప్పిందే చెప్త, తప్పయితే ఆపుండ్రి. రెండు దిక్కుల ఒక్కొక్క గోల్ ఉంది. ఆఖరి పది నిమిషాలు. బాల్ మీదికెళ్లి వస్తుంది, నిజామాబాద్ బ్యాక్ నర్సన్న దాన్ని తన్నబోతుండు. గప్పుడు మన బోధన్ ఉస్మాన్ 'ఛోడ్‌దే' అని ఒర్లిండు. నర్సన్నేమో తన గోల్‌కీపరే వదిలెయ్యమంటుండు అనుకుని వదిలేసిండు. ఎనకకెళ్లి జమీల్ ఉరికొచ్చి గోల్ కొట్టిండు. ఎదుటోన్ని మోసం చేసి బాల్ వదిలిపిచ్చిండని మీరు సీటి కొట్టిండ్రు, గోల్ చెల్లదన్నరు. ఉస్మాన్ మీది మీదికి వాదిస్తే బయటికి పంపిండ్రు. పది మందితోని ఆడి బోధన్ ఓడిపోయింది. గంతేనా?

ఊ.

ఉస్మాన్ 'ఛోడ్‌దే' అనలేదండి.

'ఛోటే' అన్నడు.

…

హలో… ఉన్నరా?

ఛోటే. ఛోటే అని పిలిచిండు. జమీల్‌ను… ఆ, ఆయన తమ్ముడే. ఇంట్ల ఆ పిలగాని పేరు ఛోటే, చిన్నోడు అని… నాకెట్ల తెలుసా? పొద్దుగాల మీరు బస్సెక్కినంక ఇత్తడి గిన్నెలు కళాయికి తీస్కపోయిన. మన ఊర్ల కళాయి పెట్టేది వాళ్లొక్కళ్లే గదా. ఐతారం నుంచి పోవుడా వద్దా అని ఆగిన. ఇగ పులుసు చిలుమెక్కుతుంటే ఎన్నొద్దులు ఆగుత?

పోతే, హుసేన్ బీ పీటేసింది. ఉస్మాన్ వాళ్ల అమ్మనే. నేనెవరి భార్యనో ఆమెకు తెల్వదా, మంచిగ తెలుసు. మ్యాచ్ మాట ఒక్కటి ఎత్తలే. గిన్నెలు తిప్పి తిప్పి చూసి, అడుగు పోయింది బాయి, రెండు దినాలు పడతది అన్నది. అని, లోపటికి తిరిగి, 'ఛోటే, పానీ లా' అని కేకేసింది.

ఏ పదేండ్లోడో వస్తడనుకున్న. తలుపుకు తల తాకకుంట వంగి బయటికొచ్చిండు జమీల్. ఆరడుగులున్నడు. చేతుల నీళ్ల గిలాస.

గిలాస అందుకుని తాగకుంటనే కింద పెట్టిన.

…

అడిగిన. ఆయన్ను ఏమని పిలిచినవు అని అడిగిన. పుట్టినప్పటి సంది అదే పిలుపట. ఉస్మాన్‌కు మూడేండ్లప్పుడు పుట్టిండు, ఛోటే ఛోటే అని వాడే మొదలు పెట్టిండట. జమీల్ అన్నది బడి రిజిస్టర్ల, మీ జట్టు కాయితంల ఉన్న పేరు. ఇంట్ల ఎవ్వరు పిలవరు.

మీరు జట్టు కాయితమే చూసిండ్రు. మీ తప్పేం లేదు… లేదు, తప్పుంది. ఉన్నది ఉన్నట్టే చెప్త.

ఏమన్నరు?… మెల్లగనన్న చెప్పుండ్రి, ఇనొస్తలేదు… ఆ. ఆయనే ఒప్పుకున్నడంటరా.

అదే నేను చెప్పేది. ఏమని ఒప్పుకున్నడు? అక్కడ ఆయన అన్న మాట అన్నట్టే చెప్పుండ్రి… 'ఛోడ్‌దే బోలా సాబ్'. మీకు గట్ల ఇనవడ్డది. 'ఛోటే బోలా సాబ్' అన్నడాయన. తమ్మున్ని పిలిచిన సాబ్ అని చెప్పుకున్నడు. మీరు దాన్ని గూడ ఛోడ్‌దే అనే ఇన్నరు. ఒక్కసారి చెవుల పడ్డ మాట మల్ల గట్లనే పడతది. పైగ మనం 'ఒప్పుకుంటుండు చూడు' అనుకున్నం.

ఇప్పుడు మనసుల ఒక్కసారి అనుకోండ్రి. ఛోటే… ఛోడ్‌దే… ఉరుక్కుంట అనుకోండ్రి, రొప్పుకుంట.

…

ఆ.

సిద్దిరాములన్నా, లైను పెంచు అన్నా, ఇంకో మూడు నిమిషాలు. ఆ, పెంచుకుంటనే ఉండు, నేను చెప్పేదాక… హలో. ఉన్న, చెప్పుండ్రి.

నర్సన్ననా? నర్సన్న అబద్ధం ఆడలే. ఆయనకు ఏమి ఇనవడ్డదో అదే చెప్పిండు. ఇద్దరికీ ఒక్కతీరుగనే ఇనవడ్డది, అందుకే మీకు అనుమానం రాలే. కానీ నర్సన్న తప్పు ఇంటే ఉస్మాన్ మోసం చేసినట్టా? రూలేమున్నది? ఎదుటోన్ని మోసం చేసేతందుకు కేకేస్తే తప్పు. తనోన్ని పిలుచుకుంటే తప్పు కాదు… నాకెట్ల తెలుసంటరేంది. మీ పరీక్షకు పుస్తకం పట్టుకుని అడిగింది ఎవరు? బెండకాయలు కోసుకుంట అడిగిన, పిల్లను జోకొట్టుకుంట అడిగిన. పదిహేడు రూల్లు నాకూ వచ్చినయి. ఆడోళ్లకు పరీక్ష పెడితే మీకంటె ముందు నేనే పాసైతుంటి.

…

ఇంకోటి చెప్పనా? కోపానికి రాకుండ్రి.

నిన్న పొద్దుమీకి మీరు నేల మీద పరిచిన మ్యాచ్ నేను ఊడ్వలే. గట్లనే ఉంచిన. కళాయి కాడికెళ్లి వచ్చినంక దాని ముందట కూసున్న. చింతగింజలు మనోళ్లు, మక్క గింజలు వాళ్లు, అంగి గుండీ మీరు. ఎప్పటి తీరే. లెక్కవెట్టిన. మక్కలు పదకొండు. గోల్ పడ్డప్పుడు ఉస్మాన్ ఇంక లోపట్నే ఉండె, అయినా చింతగింజలు పదే.

ఒకటి కింద పడ్డదేమో అని చాప లేపి గూడ చూసిన. లేదు. మీరు పెట్టలే.

జమీల్‌ది పెట్టలే మీరు. ఆ పిలగాడు ఎటుకెళ్లి ఉరికొచ్చిండో మీకు తెల్వదు. గుండీకి ఎనక ఉన్నడు. మీరు నర్సన్న దిక్కు చూస్తుండ్రి. చెవుల పడ్డది, ఊదిండ్రు.

…

తెలుసా? మీకు తెలుసా? నిన్ననే?

…

గింజ చేతుల పట్టుకుని చానసేపు కూసున్నరా. నేను వంటింట్ల ఉంటి. నన్ను పిలవకపోతిరి.

…

లేదు, తిడతలే. తిట్టేదుంటే నన్ను నేను తిట్టుకోవాలె. ఐతారం మీరు బస్సెక్కేటప్పుడు నేనేమన్న, యాదికుందా?… నాకుంది. పట్నం రెఫరీ రాలేదట, ఇద్దరి నడుమ ఊదేతందుకు మిమ్మల్నే పెట్టిండ్రు, బోధనోడు బోధన్ దిక్కు ఊదిండు అనిపిచ్చుకోకుండ్రి అన్న. మీరు ఊకొట్టిండ్రు. ఆ మాట మీ ఎంబడి మైదానంలకు వచ్చింది. ఆ గోల్ నిజామాబాద్ కొట్టి ఉంటే మీరు ఒక్క ఊపిరి ఆగేటోళ్లు. ఎవరన్నరు, ఎందుకన్నరు అని చూసేటోళ్లు. మనూరోళ్లు కొట్టేసరికి ఆగలే. కాదంటరా?

…

ఊ. నేను గూడ గదే అనుకున్న.

సరే, ఇప్పుడు గోల్ తిరిగి రాదు. ఆట మల్ల ఆడియ్యరు. గది నాకు తెలుసు, నేనడుగుతలే. మీటింగుకు మీరు రాసిన రిపోర్టుల 'మోసం' అన్న మాట కొట్టెయ్యుండ్రి. 'తానే ఒప్పుకున్నాడు' అన్న లైను కొట్టెయ్యుండ్రి. గంతే. వాదించిండు, బయటికి పొమ్మంటే పోలేదు, గది ఉంచుండ్రి. గది నిజమే. ఉస్మాన్‌కు నోరెక్కువ, వాళ్లమ్మే అన్నది.

ఏందీ?

ఇచ్చేసిండ్రా?

…

ఎప్పుడు?… పోంగనే. పొద్దుగాలనే.

…

హలో… ఉన్న, ఉన్న. ఇంటున్న.

ఎవరి చేతుల ఉంది ఇప్పుడు?… పట్నం సారు ముందట్నే. బల్ల మీదనే.

చదివిండ్రా?… చదివి, ఏమన్నరు?… మంచిగ రాసినవన్నరా.

…

ఉస్మాన్‌ను ఒక ఏడాది ఆడనియ్యరా?… ఎవరన్నరు ఏడాదని?… మోసం అని రాస్తే గంతే పడతది అంటుండ్రా. ఒప్పుకున్నడు గాబట్టి అడిగేదేం లేదు అంటుండ్రా.

మీకు తెల్వంది ఒకటుంది. ఆటగాళ్ల కోటా కింద ఉస్మాన్‌ను చక్కెర ఫ్యాక్టరీల పర్మినెంటు చేస్తమన్నరు. మూడేండ్ల సంది చెరుకు ఆడినన్ని నెలలే పని, తర్వాత ఇంటికి. ఎల్లుండిలోపట సంఘం నుంచి కాయితం తేవాలెనట, ఈ పిలగాని మీద ఏ మచ్చ లేదని. ఏడాది ఆపితె కాయితం ఏడికెళ్లొస్తది? ఆ జాగల ఇంకొకన్ని తీసుకుంటరు. ఉస్మాన్ గూడ ఇంట్లనే ఉన్నడు, నేను పోయినప్పుడు. లోపట గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నా గొంతు ఇన్నడు, లేచి రాలే.

…

ఏమన్నరు?

…

మల్ల అనుండ్రి.

ఎవరన్న నన్ను పంపిండ్రా అంటరా.

…

పన్నెండేండ్లయింది మన పెండ్లయి. ఒక్కనాడన్న ఒకరి మాట మోసుకొచ్చిన్నా మీ కాడికి?… ఎవ్వరు పంపలే. హుసేన్ బీకి నేను ఇటొచ్చింది తెల్వదు. అక్కడ నేనేం చెప్పలే, గిన్నెలు పెట్టి వచ్చిన. పోస్టాఫీసుల గంట సేపు లైను కోసం కూసున్న, అందరు నా మొకం చూస్తుంటె.

…

సరే. ఇడిసిపెట్టుండ్రి. భయంల అన్నరు, తెలుసు.

చెప్పుండ్రి, దేనికి భయం?… ఊ… ఊ… ఊర్లకెళ్లి ఫోనొచ్చింది, రిపోర్టు మార్చిండు, గోడ మీద రాతలకు భయపడ్డడు అంటరు. ఆ, అంటరు. అనకుంట ఉంటరా. పట్నం సారు మీకు పట్నంల ఊదేటి పెద్ద రెఫరీ కార్డు ఇయ్యడు. తన చెవినే తను నమ్మలేనోడు పట్నంల ఏం ఊదుతడు అంటడు. అనొచ్చు. అనడు అని నేను చెప్త లేను.

ఆ కార్డు నాకూ కావాలె. పట్నం మైదానంల మీరు నల్లంగి ఏసుకుని ఉరుకుతుంటె చూడాలని నాకు లేదా? నాలుగేండ్లాయె, తెల్లారకముందు లేచి మీకు రాగంబలి కాస్తున్న. ఊకెనే కాస్తున్ననా?

కానీ ఒకటి అడుగుత చెప్పుండ్రి. బాల్కొండల ఆఫ్‌సైడ్ తప్పయింది. ఆ రోజు గింజలు పరిచి ఏమన్నరు నాతోని? నేను ఎనకవడ్డ, గందుకే కనవళ్లే, కాళ్లు మొద్దువారినయి అన్నరు. తెల్లారి సంది చెరువుకట్ట మీద ఉరుకుడు షురూ చేసిండ్రు. ఇందల్వాయిల పొద్దు కండ్లల్ల పడ్డది, బాల్ గీత దాటింది కనవళ్లే. అప్పటికెళ్లి పొద్దు ఏ దిక్కుందో చూసుకుని నిలవడుతుండ్రు. నేర్చుకున్నరు, కాదంట లేను. మీ అసుంటి రెఫరీ ఈ జిల్లాల లేడు, గది నేనే అంట.

కానీ ఆ తప్పులన్ని ఎవరికి చెప్పిండ్రు?

నాకు. నాకు, చింతగింజలకు.

బాల్కొండోళ్లకు చెప్పలే. ఇందల్వాయోళ్లకు చెప్పలే. నేను ఇని, పోనీ తియ్యుండ్రి అంటి. మీరు తిని పండుకున్నరు. నేనేమన్న రెఫరీల సంఘమా? నేను మాఫ్ చేస్తే ఎవరికి మాఫైతది? ఇన్నేండ్లు గట్ల ఇని ఇని నేనే మిమ్మల్ని చెడగొట్టిన్నేమో.

…

అన్నా, పెంచు. పెంచుమన్న గదా… మూడుసార్లే పెంచుతరా? ఇదే ఆఖరా?… సరే, ఆఖరిదే ఇయ్యి.

హలో. ఇగ మూడు నిమిషాలే ఉందట. తర్వాత మల్ల లైను కావాలంటె చీకటైతది. అప్పటికి మీ మీటింగు అయిపోతది.

కాయితం తిరిగి తీసుకోకుండ్రి. అడగకుండ్రి కూడ. కాయితం అట్లనే ఉండనియ్యుండ్రి. మీటింగుల నోటితోని చెప్పుండ్రి, నేను తప్పు ఇన్న అని… ఎట్ల మొదలు పెట్టాలెనా? గట్లనే మొదలు పెట్టాలె. ఇంక ముందట ఎనక ఏముంది దానికి.

నాకొక్కసారి చెప్పుండ్రి… ఇప్పుడే. ఎట్ల చెప్తరో ఇంట.

…

ఊ.

…

ఇనొస్తలేదు. మాట మింగుతుండ్రు. మీరు సీటి కొడితే అంగడి దాక ఇనొస్తది, ఈ ఒక్క మాటకు గొంతు లేదా?… ఇననియ్యుండ్రి. పక్కోళ్లు ఇంటె ఇననియ్యుండ్రి. నాలుగింటికి ఇనేది ఇప్పుడే ఇంటరు, గంతే గదా.

చెప్పుండ్రి.

…

…

ఆ. ఇనవడ్డది.

మంచిగ ఇనవడ్డది.

…

ఎవరది?… ఎవరో ఏదో అడుగుతుండ్రు అక్కడ. 'ఏం తప్పు లింబాద్రీ' అంటుండ్రు… పట్నం సారా?

లేదు, నాతోని మాట్లాడకుండ్రి. ఫోన్ అడ్డం పెట్టుకోకుండ్రి. ఆయన దిక్కు తిరిగి చెప్పుండ్రి… పెట్టకుండ్రి, చేతులనే పట్టుకోండ్రి. నేను ఈడ్నే ఉన్న.

…

ఊ…

…

ఛోటే అని ఇంకోసారి అనుండ్రి, ఆయనకు సమజ్ కాలే… ఆ.

…

ఒప్పుకున్నడన్న లైను. అది చెప్పలే మీరు. అది మీరు రాసిన లైను, ఆయన అన్నది కాదు. అది చెప్పకపోతె మిగిలిందంత ఊకె… చెప్పుండ్రి.

…

…

ఏమంటుండు?… కుర్చీ జరిగిన సప్పుడైంది. లేచిండా?… కోపానికొచ్చిండా?… ఇంకెవరో గూడ మాట్లాడుతుండ్రు. అందరు ఒక్కసారి మాట్లాడితె నాకేం ఇనొస్తది…

మీరు ఆపకుండ్రి. ఆయన ఏమన్నా అననియ్యుండ్రి, మీరు చెప్పేది మాత్రం ఆప—

హలో?

హలో… ఏమండి… హలో…

…

పోయిందా సిద్దిరాములన్నా?

…

వద్దు. మల్ల కలపకు. ఆయన మాట నడుమ ఉన్నరు. చెప్పనియ్యి.

ఇగో, ఫోన్ తీసుకో.